బండి కదలకపోయినా టోల్ మాత్రం కట్ అవుతోంది

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే కారు పంతంగి టోల్ ప్లాజాలో సాధారణ రోజుల్లో ఆగేది కొద్ది సెకన్లే. ఫాస్టాగ్ స్కాన్ అవుతుంది, గేటు లేస్తుంది, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఆ తర్వాత పెద్దకాపర్తి దగ్గరో, చిట్యాల దగ్గరో వంతెన పని కోసం మెయిన్ రోడ్డు మూసేస్తే, అదే కారు సర్వీస్ రోడ్డులో ఎంతసేపు నిలబడిందో లెక్కపెట్టే మెషిన్ మాత్రం ఎక్కడా లేదు. డబ్బులు తీసుకోవడంలో ఉన్న స్పీడు రోడ్డు ఇవ్వడంలో లేదు. జాతీయ రహదారి 65 మీద వెళ్లే కుటుంబాల కోపమంతా ఇదే.

ఈ దారి తెలుగు రాష్ట్రాలకు వెన్నెముక లాంటిది. రెండు నగరాల మధ్య దూరం 275 కిలోమీటర్ల పైచిలుకు. పెళ్లికో వలీమాకో బయల్దేరిన కుటుంబాలు, శంషాబాద్‌లో గల్ఫ్ విమానం ఎక్కాల్సినవాళ్లు, ఉమ్రాకు వెళ్లే పెద్దలు, నిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చే రోగులు అందరికీ ఇదే రోడ్డు. విమానం టైముకు రెండు గంటలు ముందే చేరాలని లెక్కేసుకుని బయల్దేరినవాళ్లు ఇప్పుడు ఇంకో మూడు గంటలు కలుపుకుంటున్నారు. ఎందుకైనా మంచిదని ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లో పడుకునేవాళ్లూ ఉన్నారు.

రోడ్డు కథ కొంచెం వెనక్కి వెళ్తేనే అర్థమవుతుంది. నాలుగు లేన్లుగా వెడల్పు చేశాక 2012 చివర్లో టోల్ వసూలు మొదలైంది. పంతంగి, కొర్లపహాడ్ తెలంగాణలో, చిల్లకల్లు ఆంధ్రలో. నడిపింది జీఎంఆర్ సంస్థ. ఒప్పందం ప్రకారం తర్వాతి దశలో ఆరు లేన్లు వేయాలి. రాష్ట్రం విడిపోయాక ఆదాయం తగ్గిందంటూ సంస్థకు, జాతీయ రహదారుల సంస్థకు మధ్య వివాదం నడిచింది. చివరికి 2024 జులైలో ఎన్‌హెచ్‌ఏఐ రోడ్డును తన చేతిలోకి తీసుకుంది. ఆరు లేన్లు రాలేదు. వచ్చిందల్లా ప్రమాదాలు ఎక్కువ జరిగే 17 బ్లాక్ స్పాట్ల దగ్గర మరమ్మతులు, అండర్‌పాస్‌లు, వంతెనలు. ఆ పనులు అవసరమైనవే, అందులో రెండో మాట లేదు. రోడ్డు దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చౌటుప్పల్ నుంచి నవాబుపేట దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

గొడవంతా పని చేసే తీరు గురించే.

రోడ్డు మధ్యలో అండర్‌పాస్ కట్టాలంటే మెయిన్ రోడ్డు తవ్వాలి. నాలుగు లేన్ల బళ్లనూ పక్కనున్న సర్వీస్ రోడ్ల మీదికి తోస్తారు. ఆ సర్వీస్ రోడ్డు ఊరి ఆటోల కోసం, బైకుల కోసం వేసింది. దాని మీదే ఇప్పుడు సిమెంటు లారీలు, స్లీపర్ బస్సులు, ఊరివాళ్ల ట్రాక్టర్లు అన్నీ కలిసి వెళ్లాలి. వాన పడితే గుంత ఏదో, నీళ్లు ఏవో తెలియదు. ఒక్క లారీ యాక్సిల్ విరిగిందంటే అంతే సంగతులు.

పని జరిగే చోట ట్రాఫిక్‌ను ఎలా నడపాలో చెప్పే పుస్తకం దేశంలో లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి, ఇంజనీర్లు ఎస్‌పీ 55 అంటారు. ముందుగా హెచ్చరిక బోర్డులు, తర్వాత లేన్లు మెల్లగా కుదించుకుపోయే భాగం, ఆ తర్వాత అసలు పని జరిగే చోటు, చివర మళ్లీ మామూలు రోడ్డులోకి కలిసే భాగం. ఏ దశలో ఏ బోర్డు, ఎంత దూరంలో, రాత్రి మెరిసే డ్రమ్ములు ఎలా పెట్టాలి, జెండా పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడాలి అన్నీ అందులో ఉన్నాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు దూసుకెళ్తుంది. తవ్వకానికి యాభై మీటర్ల ముందు ఒక ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతితే, డ్రైవర్‌కు దొరికేది రెండు సెకన్ల పైచిలుకు. ఆ రెండు సెకన్లలో చూడాలి, ఆలోచించాలి, బ్రేక్ వేయాలి. వెనకాల వచ్చేది ఇసుక లారీ అయితే ఇంక చెప్పేదేముంది.

బళ్లు నడిచే రోడ్డు మీద పని చేస్తున్నప్పుడు ఉన్న దారిని నడిచేలా ఉంచడం కాంట్రాక్టర్ పనిలో భాగమే. అది ఎవరో దయతో చేసేది కాదు. కానీ పండగ వచ్చేదాకా ఆ మాట ఎవరికీ గుర్తుండదు. సంక్రాంతికి వారం ముందు పనులు ఆపుతారు, పోలీసులు రోడ్డెక్కుతారు, గుంటూరు వైపు వెళ్లేవాళ్లను నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా మళ్లిస్తారు. 2026 సంక్రాంతికి ముందు ఈ దారిలో టోల్ మినహాయించాలని తెలంగాణ మంత్రి కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి కేంద్రాన్ని కోరారు కూడా. పండగ నాలుగు రోజుల ముచ్చట. రంజాన్ ఈద్‌కు ఊరెళ్లేవాళ్లు, మామూలు సోమవారం నాడు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు కూడా ఇదే సర్వీస్ రోడ్డులో నిలబడతారు కదా.

ఇలాంటి గొడవే కేరళలో కోర్టుకెక్కింది. ఎడపల్లి–మన్నుత్తి మధ్య జాతీయ రహదారి 544 మీద కూడా బ్లాక్ స్పాట్ల దగ్గర అండర్‌పాస్ పనులే, సర్వీస్ రోడ్ల మీద గంటల కొద్దీ జామే. పాలియెక్కర టోల్ ప్లాజాలో వసూలు మాత్రం ఆగలేదు. 2025 ఆగస్టు 6న కేరళ హైకోర్టు నాలుగు వారాల పాటు టోల్ ఆపేయమంది. ఎన్‌హెచ్‌ఏఐ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 65 కిలోమీటర్లలో ఇబ్బంది ఉన్నది కొద్ది కిలోమీటర్లే కదా అన్నది దాని వాదన. లారీ బోల్తా పడి జామ్ అయింది అంటే, ఆ లారీ గుంతలో పడే కదా బోల్తా కొట్టింది అని ధర్మాసనం తిప్పికొట్టింది. పన్నెండు గంటలు పట్టే దారికి 150 రూపాయలు ఎందుకు కట్టాలని కూడా అడిగింది. ఆగస్టు 19న అప్పీలు కొట్టేసింది. పన్నులు కట్టేసిన జనం గుంతలు దాటడానికి మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదన్నది ఆ తీర్పు సారం. రెండు నెలలు దాటాక, అక్టోబర్‌లో గానీ అక్కడ వసూలు తిరిగి మొదలవలేదు.

పాలియెక్కర పేరు తీసేసి పంతంగి అని రాస్తే కథలో పెద్ద తేడా ఉండదు. అయితే తెలుగు రాష్ట్రాల్లో ఆ స్థాయి తీర్పు ఇంకా రాలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి వస్తోంది. టోల్ గేట్లే తీసేసే పద్ధతి. రోడ్డు మీద అడ్డంగా ఒక ఇనుప చట్రం, దానికి కెమెరాలు, ఫాస్టాగ్ రీడర్లు. బండి వేగం తగ్గించకుండా కిందనుంచి వెళ్లిపోతుంది, నంబర్ ప్లేటు చూసి డబ్బు తీసుకుంటారు. గుజరాత్‌లోని చోర్యాసి ప్లాజా కోసం 2025 ఆగస్టులో మొదటి ఒప్పందం కుదిరింది. 2026 చివరికల్లా దేశమంతా ఇదే పద్ధతి తెస్తామని గడ్కరీ పార్లమెంటులో చెప్పారు. డబ్బు కట్టకపోతే ఈ–నోటీసు వస్తుంది. అదీ కట్టకపోతే బండి అమ్మేటప్పుడు ఎన్‌ఓసీ రాదు, లారీకి ఫిట్‌నెస్ రెన్యువల్ కాదు. గేటు దగ్గర కనీసం మనిషితో మాట్లాడే వీలుండేది, చట్రంతో ఎవరు వాదిస్తారు?

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. దుబాయ్‌లో సాలిక్ 2007 నుంచి గేట్లు లేకుండానే నడుస్తోంది. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో 6 దిర్హాంలు, మిగతా వేళల్లో 4, అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి ఉదయం 6 దాకా ఫ్రీ. రంజాన్‌లో ఆ వేళలు కూడా మారతాయి. అంటే టైమును బట్టి రేటు మార్చడం మెషిన్‌కు చాలా తేలిక. మరి పంతంగి నుంచి కొర్లపహాడ్‌కు బండి ఎన్ని నిమిషాల్లో చేరిందో ఫాస్టాగ్ రికార్డులోనే ఉంటుంది. మామూలు కంటే మూడు రెట్లు టైము పడితే సగం టోల్ దానంతట అదే వాపసు చేసేలా ప్రోగ్రాం రాయడం కష్టమా? సాంకేతికంగా ఏమీ కాదు. రాయమని చెప్పేవాళ్లు లేరు, అంతే.

పైగా ఉన్న కాస్త ఊరట కూడా తీసేశారు. క్యూ వంద మీటర్ల పసుపు గీత దాటితే టోల్ లేకుండా వదలాలని 2021లో ఎన్‌హెచ్‌ఏఐ చెప్పింది. 2024లో ఆ మినహాయింపును వెనక్కి తీసుకుంది.

2025లో 3,000 రూపాయల ధరతో వచ్చిన వార్షిక పాస్ సొంత కారు ఉన్నవాళ్లకు మాత్రం లాభమే. ఏడాదిలో 200 ట్రిప్పులు. విజయవాడ వెళ్లి రావడానికి మూడు ప్లాజాలు రెండుసార్లు, అంటే ఆరు ట్రిప్పులు. అలా 33 సార్లు వెళ్లిరావచ్చు. కానీ ట్యాక్సీలకు, డీసీఎంలకు, లారీలకు అది వర్తించదు. ఈ దారిలో రోజూ తిరిగి పొట్టపోసుకునేది వాళ్లే. జామ్‌లో డీజిల్ కాలేదీ వాళ్లదే, టోల్ నిండుగా కట్టేదీ వాళ్లే. ఔటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాదు కాబట్టి పాస్ అక్కడ పనిచేయదని కూడా చాలామందికి తెలియదు.

అసలు లెక్కలోకే రానివాళ్లు ఇంకొందరున్నారు. రోడ్డు పక్క పంక్చర్ షాపు, టీ కొట్టు, రేడియేటర్ మెకానిక్, బిర్యానీ హోటల్. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా ఇలాంటి చిన్న దుకాణాల్లో ముస్లిం కుటుంబాలు నడిపేవీ ఉన్నాయి. పని జరిగినన్నాళ్లు బారికేడ్ల వల్ల కస్టమర్ ఆగడు. వంతెన పూర్తయ్యాక బండ్లు నెత్తి మీదుగా వెళ్లిపోతాయి, అప్పుడూ ఆగడు. భూమి పోయినవాడికి చట్టం ప్రకారం పరిహారం ఉంటుంది. గిరాకీ పోయినవాడికి ఏ ఫైల్లోనూ చోటు లేదు. పని మొదలుపెట్టే ముందే దుకాణాలకు దారి వదలడం, వంతెన కింద పార్కింగ్‌కు జాగా ఉంచడం పెద్ద ఖర్చేమీ కాదు. అడిగేవాళ్లు గ్రామసభలో ముందే అడగాలి, కాంక్రీటు పోశాక ఎవరూ వినరు.

ప్రయాణికుల చేతిలో ఉన్నవి కొద్దివే. హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయొచ్చు, రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు. టోల్ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచుకోవడం మంచిది. ఏ ప్లాజా ఎన్నింటికి దాటారో చెప్పే రుజువు అదే. రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే పనికొచ్చేవి కూడా అవే.

ఆరు లేన్ల ప్రతిపాదన ఇప్పుడు కేంద్రం దగ్గర కదులుతోంది. అది మొదలైతే బ్లాక్ స్పాట్ల దగ్గర కనిపించింది దారి పొడవునా కనిపిస్తుంది. అయితే ఒక్క తేడా ఉంది. నాలుగు లేన్ల రోడ్డును ఆరు లేన్లుగా వెడల్పు చేస్తున్నప్పుడు, పని పూర్తయ్యే దాకా టోల్ 75 శాతమే తీసుకోవాలని కేంద్రం నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధన లేన్లు పెంచే పనికే గానీ ఇప్పటి వంతెనల పనికి వర్తించేలా రాయలేదు. కాబట్టి ఆరు లేన్ల పనికి కొబ్బరికాయ కొట్టిన మర్నాడు పంతంగి దాటినవాళ్లు ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లో అంకె ఒకసారి చూసుకోవాలి, పావు వంతు తగ్గిందో లేదో.