రాళ్ల గవాహీ అంటే భయమెందుకు?

అల్‌బీరూనీ పేరు వినగానే మన జల్సాల్లో అందరూ సుభానల్లాహ్ అంటారు. ఆయన ఏం రాశాడని అడిగితే మాత్రం ఖామోషీ. సుమారు వెయ్యేళ్ల కిందట హిందుస్తాన్ గురించి రాసిన కితాబులో ఆయన ఒక సంగతి గమనించాడు. కొండల దగ్గర, నది వడిగా పారేచోట రాళ్లు పెద్దవి. దూరం పోయేకొద్దీ చిన్నవి. నీళ్లు నెమ్మదించి సముద్రం దగ్గరపడే చోట ఉత్త ఇసుక. ఈ నేల ఒకప్పుడు సముద్రమేనని, నదులు తెచ్చిన మట్టి దాన్ని పూడ్చిందని ఆయన అనుకున్నాడు. డెల్టాలను చదివే ఇల్మ్‌కి అది అలిఫ్.

ఆ అలిఫ్ తర్వాత బే, తే చదివే పిల్లలు మన ఇళ్లలో ఎందరు? జియాలజీ అంటే "రాళ్లేగా, ఏం నౌకరీ వస్తుంది" అంటారు అబ్బాలు. ఇంకొందరి ఖౌఫ్ వేరు. కోట్ల ఏళ్ల లెక్కలు చదివితే బిడ్డ ఈమాన్ కమ్జోర్ అవుతుందని. నా పేచీ ఈ రెండో మాటతోనే.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌నే చూడండి. నూజివీడు, ఏలూరు వైపు నేలలో గొల్లపల్లి ఇసుకరాయి ఉంది, దాని మీద రాఘవాపురం బురదరాయి, ఆపైన మళ్లీ ఇసుకరాయి. నది ఇసుక పరిచిన చోటికి సముద్రం వచ్చింది, మళ్లీ వెనక్కి తగ్గింది. ఆ బురదరాయి వయసు పది కోట్ల ఏళ్ల పైమాటే. రాజమండ్రి దగ్గర లావా గడ్డకట్టిన నల్లరాయికి రేడియోధార్మిక పద్ధతిలో లెక్కిస్తే సుమారు 6.6 కోట్ల ఏళ్లు వస్తాయి. బేసిన్‌లో దాని కిందున్న పొరలు అంతకన్నా పాతవి.

ఇక సిద్ధబీజాలు, అంటే స్పోర్లు. ఫెర్న్ మొక్కలు వదిలేవి, చాలావరకు కంటికి ఆనవు. వాటి గోడ ఎంత గట్టిదంటే, రాతిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కూడా వాటిని ఏమీ చేయలేదు. రాయి కరిగిపోతుంది, స్పోర్లు, పుప్పొడి మిగులుతాయి. ఏ రకాలు కలిసి దొరికాయో చూసి పొర ఏ కాలానిదో చెబుతారు. నేలమీది మొక్కలవి ఎక్కువా, సముద్రంలో తేలే ఏకకణ జీవుల పెంకులు ఎక్కువా అని లెక్కపెడితే అప్పటి తీరం ఎంత దూరమో అందాజా దొరుకుతుంది. రంగు కూడా మాట్లాడుతుంది. పసుపు నుంచి గోధుమ, ఆపైన నలుపు. భూమిలో పడ్డ వేడిని బట్టి ఆ మార్పు. చమురు వెతికేవాళ్లకు అదే కావాలి.

ఇక్కడే నాకు మన ముహద్దిసీన్ యాదికొస్తారు. పాత రాతిని నది కోసి, అందులోని స్పోర్లను కొత్త మట్టిలో కలిపేస్తుంది. బావి తవ్వేటప్పుడు పైపొర తునకలు కిందికి జారి పడతాయి. అంటే అబద్ధపు గవాహ్‌లు ఇక్కడా ఉంటారు. అందుకని ప్రతి స్పోరునీ ఎక్కడి నుంచి వచ్చావు, నీతో ఎవరున్నారు, నీ రంగు మిగతావాటితో ఎందుకు కలవట్లేదు అని నిలదీస్తారు. రావీల మీద జర్హ్, తాదీల్ చేసిన ఉమ్మత్‌కి ఈ పద్ధతి పరాయిదెలా అవుతుంది? సనద్ అడగకుండా రివాయత్ తీసుకోని వాళ్లం, పొరలూ స్పోర్లూ లావారాళ్లూ విడివిడిగా ఇచ్చిన గవాహీలు కలిసినప్పుడు ఎందుకు ముఖం తిప్పుకోవాలి? భూమి వయసు అల్లాహ్ కుద్రత్‌ని తగ్గించదు. సృష్టి మొదలెలా జరిగిందో చూడడానికి భూమ్మీద తిరగమని అన్‌కబూత్ సూరాలోనే ఉంది కదా.

అలాగని, ఏది కనిపెట్టినా "ఇది ఖురాన్‌లో ఎప్పుడో ఉంది" అని వాట్సాప్‌లో పంపడం నాకు నచ్చదు. మెహనత్ ఎవరిదో, ఫక్ర్ మనది!

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట వస్తుంది. ఫీల్డ్‌కి వెళ్లాలి కదా, మహ్రమ్ లేకుండా ఎలా? అడగాల్సిన సవాలే, కానీ అడిగి ఆగిపోవద్దు. చదువులో ఫీల్డ్ ట్రిప్పులు ఉస్తాదులతో, తోటి విద్యార్థులతో కలిసి జరుగుతాయి. స్పోర్ల పనిలో చాలా భాగం లేబొరేటరీలో, మైక్రోస్కోపు ముందు. ఈ పనికే లక్నోలో 1946 నుంచి బీర్బల్ సాహ్నీ సంస్థ ఉంది. ఉస్మానియాలో జియాలజీ ఉంది. జీఎస్‌ఐ పోస్టులకు యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది. ఇంటర్ అయిన బిటియా ఈ కోర్సు పేరెత్తితే, కాదనే ముందు ఒకసారి ఆ డిపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లి చూపించండి.