అడుగునకు జారు పెడలు

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినను, దానిని అపురూపముగా చూచుకొనువారు మన పట్టణములలో నేటికిని కలరు. బ్రేకు సరిగా పడుట లేదనగానే వారిలో పెక్కుమంది షూలను మార్పించి నిశ్చింతులగుదురు. ఇది నాడి చూడక మందిచ్చుటయే.

పెడలును కాలితో స్థిరముగా అదిమిపట్టినపుడు అది మెల్లమెల్లగా అడుగునకు దిగిపోవుచు, చక్రములయొద్దగాని గొట్టముల వెంబడిగాని చెమ్మ ఎచ్చటను కానరానిచో, మాస్టరు సిలిండరులోని రబ్బరు వాషర్లు అరిగి, ఆయిలు వానిని దాటి వెనుకకే పోవుచున్నదని ఊహింపవలెను. మెత్తగా నుండి, రెండుమూడుసార్లు తొక్కిన పిదప గట్టిపడినచో గాలి చేరియుండును, లేదా షూలకును డ్రమ్మునకును నడుమ ఎడము పెరిగియుండును. మెకానిక్కులను సైతము ఏమార్చు దోషము మరియొకటి కలదు: పైకి చక్కగా కనబడు హోసు పైపు లోపల ఉబ్బి, కాలి ఒత్తిడికి ఆయిలును పోనిచ్చునేగాని తిరిగి రానీయదు, కాలు తీసినను చక్రము పట్టువీడక వేడెక్కుచుండును. ఇట్టి స్థితిలో క్రొత్త షూలు వేయించుట క్రొత్త షూలను కాల్చుకొనుటయే.

అన్నిటికంటె ఉపేక్షకు గురియగునది బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 రకము క్రొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడువరకు మరుగరాదు. తేమ పట్టిన పిమ్మట 140 డిగ్రీలకే మరుగవచ్చును. తిరుమలనుండి దిగువారు నేటికిని 1944లో వేసిన మొదటి ఘాటు రోడ్డునే దిగుదురుగదా. ఆ మలుపులలో గేరు తగ్గింపక బ్రేకుమీదనే భారము వేసినచో, డ్రమ్ముల వేడికి పాత ఆయిలు మరిగి, ఆవిరి పుట్టి, తొక్కిన బలమంతయు ఆ ఆవిరిని నొక్కుటకే సరిపోవును. క్రిందికి చేరి, బండి చల్లారి, మెకానిక్కు వచ్చి చూచుసరికి పెడలు యథాప్రకారము గట్టిగా నుండును. అతడు దోషమేమియు లేదనును, యజమాని నమ్మును!

పూర్వపు నమూనాలలో నాలుగు చక్రములకును ఆయిలు పంపునది ఒకే మార్గము. ఒక పైపు పగిలినచో మిగులునది చేతి బ్రేకు మాత్రమే. కావున పాత కారుతో కొండదారి పట్టదలచినవారు, ఆయిలు మార్పించి రెండేండ్లు దాటినయెడల, దానిని మార్పించి, హోసు పైపులన్నిటిని పరీక్షింపజేసికొని మరి బయలుదేరుదురుగాక.