పందికొక్కు నేర్పిన ఇంగ్లీషు

ఇంగ్లీషు క్లాసులో మా తిమ్మాజిపేట పోరలం వెనక బెంచీలో నోరు మెదపం. ఓనాడు పాఠంలో 'బాండికూట్' అన్న మాట తగిలింది. అర్థం ఎవరికీ తెలియదు. నిఘంటువు తెరిస్తే, పుట్టుక దగ్గర 'తెలుగు' అని ఉంది! తీరా చూస్తే మన పందికొక్కే. యూల్, బర్నెల్ దొరల 'హాబ్సన్-జాబ్సన్' పదకోశం 1886లోనే ఈ సంగతి రాసిపెట్టింది.

ఇంగ్లీషువాళ్లు ఆ పేరును ఆస్ట్రేలియాదాకా మోసుకుపోయి, పొట్టసంచిలో పిల్లల్ని పెంచే మరో జంతువుకు తగిలించారు. దానికీ మన కొక్కుకూ చుట్టరికమే లేదు. పైగా, ఆకు కదలకుండా అడుగున ఆలుగడ్డలు దొంగిలించడాన్ని కూడా అక్కడ 'బాండికూట్' చేయడమనే అంటారు. చెట్టు పచ్చగానే ఉండి, పీకితే పల్లికాయ లేకపోవడమంటే ఏమిటో మా నాయనకు ఏ డిక్షనరీ చెప్పాలి?

వకాబులరీ పేరుతో రోజుకు పది మాటలు, ఒక్కోదానికి ఒక్క అర్థం బట్టీ పట్టిస్తున్నారు. అధ్యాపకులకు నా మనవి: దయచేసి ఆ పుట్టుక కూడా చదివించండి. ఆనాడు కొక్కు బొరియ ఎట్లుంటదో చెప్పగలిగినవాళ్లం వెనక బెంచీలోనే ఉన్నాం. ఎవరూ అడగలేదు.