నెమలి వన్నెలు

పురి విప్పి ఆడే నెమలిని చూచి పరవశించని హృదయం ఉండదు. ఆ నీలిమ, ఆ పచ్చదనం, ఆ బంగారు మెరుపు ఏ అద్దకం వల్లనో కలిగినవి కావు. ఈకలో ఉన్న వర్ణకం ముదురు గోధుమరంగు మెలనిన్ మాత్రమే. నీటిలో తడిసిన నెమలి ఈక తన వన్నెలను కోల్పోతుందని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1665లోనే గ్రంథస్థం చేశాడు. ఈకలోని సన్నని నూగులో మెలనిన్ కడ్డీలు, మిల్లీమీటరులో వెయ్యవ వంతు కన్నా తక్కువ ఎడంతో, బారులు తీరి ఉంటాయి. ఆ ఎడాన్ని బట్టి ఒక్కొక్క చోట ఒక్కొక్క రంగు ప్రతిఫలిస్తుంది. చూసే కోణం మారితే వన్నె కూడా మారుతుంది. కనుక నెమలి అందం ఈకలో మాత్రమే లేదు; వెలుగులో ఉంది, పక్షి కదలికలో ఉంది.

ఈ సత్యాన్ని గ్రహించని మానవుడు ఈక చేజిక్కితే అందమే చేజిక్కినట్లు భావిస్తాడు. నెమలి 1963లో జాతీయ పక్షి అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాని వేటను నిషేధించింది. అయినా ఈకల కోసం, మాంసం కోసం నెమళ్లను చంపేవారు లేకపోలేదు.

వానకాలం ముగిసే వేళకు మగనెమలి తన పింఛాన్ని తానే రాల్చి, మరల పెంచుకుంటుంది. రాలిన ఈకను ఏరుకోవడంలో దోషమేమిటని కొందరు వాదించవచ్చు. ఏరుకోవడంలో దోషం లేదు. కాని అంగడిలోని ఈక రాలినదో, పీకినదో కొనేవారు విచారించరు. ఆ ఉదాసీనతే వేటగానికి ఊతం. గోడకు తగిలించిన ఈక ఆడదు. చూచి ఆనందించి, ఆ పక్షిని దాని అడవికి విడిచిపెట్టడమే నిజమైన సౌందర్యారాధన.