హాలిస్ వీధిలో క్రిస్మస్

1987వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన “క్రిస్మస్ ఇన్ హాలిస్” అను పాటను కవిత్వముగా పరిగణింపవచ్చునా యని విద్యార్థి ఎవడైనను అడిగినచో, ఉపాధ్యాయుడు చిరునవ్వు నవ్వి ఊరకుండుట సహజము. అది హిప్‌హాప్ పాట. అందు గాయకుడు రాగము తీయడు. దరువునకు అనుగుణముగా అంత్యప్రాసల మాటలను వడివడిగా చెప్పుకొనిపోవును. అయినను ఆ చిరునవ్వు తొందరపాటే.

పాడినది రన్ డి.ఎం.సి. బృందము. జోసెఫ్ సిమ్మన్స్, డారిల్ మెక్‌డేనియల్స్, జేసన్ మైజెల్ అను ఆ ముగ్గురును న్యూయార్కు నగరమున క్వీన్స్ ప్రాంతములోని హాలిస్ పేటలో పెరిగినవారు. 1986 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో వారి కచ్చేరీకి వచ్చిన జనములో ముఠాల కొట్లాటలు చెలరేగి పలువురు గాయపడిరి. కొట్లాడినవారి నేరము పాట మీద పడినది. హిప్‌హాప్ హింసకు మారుపేరని చాలమంది నిశ్చయించుకొనిరి. మరుసటి ఏడు, మేధోవైకల్యము గలవారికి క్రీడలు నిర్వహించు స్పెషల్ ఒలింపిక్స్ సంస్థ సహాయార్థము ప్రఖ్యాత గాయకులు కొందరు ఒక క్రిస్మస్ పాటల సంపుటమును వెలువరించిరి. అందలి హిప్‌హాప్ పాట ఇదొక్కటే.

కథ చిన్నది. డిసెంబరు 24 రాత్రి హాలిస్ వీధిలోని పార్కులో ఒక గడ్డపు మనిషి, అతని ప్రక్కన కుక్క. తేరిపార చూడగా అది కుక్క కాదు, రెయిన్‌డీర్! ఆ మనిషి పర్సు దొరకును. లోపల పది లక్షల డాలర్లు, శాంతాక్లాజు పేర లైసెన్సు. క్రిస్మస్ తాత సొమ్ము దొంగిలించుట తగదని, దానిని తపాలాలో తిరిగి పంపుటకు కుర్రవాడు ఇంటికి పోవును. అచట చెట్టు క్రింద ఉత్తరము: ఆ డబ్బు నీకే యని. ముగింపు మరీ సులభమైపోయినదనుటలో సందేహము లేదు.

పాటకు ప్రాణము రెండవ భాగమున ఉన్నది. అందు తల్లి వంట చేయుచుండును: కోడికూర, కొలార్డ్ ఆకుకూర, అన్నము, చీజు కలిపిన మాకరోనీ. ఇవి దక్షిణ రాష్ట్రముల నుండి ఉత్తర నగరములకు వలసవచ్చిన నల్లజాతి కుటుంబములు తమతో తెచ్చుకొన్న వంటకములు. ఒక జాతి ప్రయాణమంతయు ఆ వంటగదిలో ఉడుకుచున్నది; గాయకుడు ఆ మాట ఎక్కడను చెప్పడు, కూరల పేర్లు మాత్రమే చెప్పును.

మధ్యమధ్య మ్రోగు బూరల దరువు 1968లో క్లారెన్స్ కార్టర్ పాడిన పాట నుండి ఎత్తుకొన్నది. ఆ పాటలోని శాంతాక్లాజు దొడ్డిదారిన పరుల ఇండ్లకు పోవు జారుడు. తరగతిలో వివరింపదగిన విషయము కాదు. సినిమా పాటల వరుసలలో భజనలు కట్టినవారికి ఈ విద్య వింత గొలుపదు.

పండుగను గూర్చి వ్యాసము వ్రాయుమన్నచో, ప్రజలెల్లరు నూతన వస్త్రములు ధరించి ఆనందింతురని గైడు చూచి వ్రాసిన విద్యార్థికి నూటికి అరువది మార్కులు తప్పక వచ్చును. వీధి పేరు, ఆ దినమున తల్లి వండిన కూర పేరు వ్రాసిన పిల్లవాని కాగితము మీదనే ఎర్రసిరాతో “అప్రస్తుతము” అని పడుట కద్దు.