తక్కువ ధర మందు తక్కువ రకం మందు కాదు



"సిస్టరమ్మా, ఈ మాత్ర ఇంత చవకేమిటి? ఇది పనిచేస్తుందా?" అని వార్డులలోనూ మందుల కౌంటర్ దగ్గరా మమ్మల్ని చాలామంది అడుగుతూ ఉంటారు. అడగడంలో తప్పు లేదు. నోట్లో వేసుకునే మందు గురించి తెలుసుకునే హక్కు రోగికి ఉంది. అయితే ఆ అనుమానంతోనే కొందరు బీపీ మందు మానేస్తున్నారు. మరికొందరు అప్పు చేసి ఎక్కువ ధర పెట్టి వేరే బ్రాండు కొంటున్నారు, నాలుగు నెలలయ్యాక కొనలేక అదీ ఆపేస్తున్నారు. అందుకే ఈ సంచికలో జెనరిక్ మందుల గురించి మా అభిప్రాయం చెప్పదలిచాము. దానికి ఆఫ్రికా దేశాల అనుభవాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాము. ఈ మందుల వల్ల కలిగే మేలు, నిర్లక్ష్యం వల్ల జరిగే కీడు రెండూ అక్కడ స్పష్టంగా కనబడ్డాయి. పైగా అక్కడికి వెళ్ళే మందులలో చాలా భాగం మన దేశంలో, మన హైదరాబాదులో తయారైనవే.

జెనరిక్ అంటే ఏమిటి?

కొత్త మందు కనిపెట్టిన కంపెనీకి సాధారణంగా 20 సంవత్సరాల పాటు పేటెంటు హక్కు ఉంటుంది. ఆ గడువు తీరిన తరువాత, లేదా పేటెంటు లేని దేశాలలో, ఇతర కంపెనీలు అదే మందును తయారు చేయవచ్చు. అదే జెనరిక్. రంగు, ఆకారం, పేరు మారవచ్చు. లోపలి మందు, దాని మోతాదు మారకూడదు. అసలు మందు రక్తంలోకి ఎంత చేరుతుందో ఇదీ అంతే చేరుతుందని పరీక్షలలో చూపించాలి. కనిపెట్టే ఖర్చు, ప్రచారం ఖర్చు లేవు కాబట్టి ధర తగ్గుతుంది.

ఆఫ్రికాలో జరిగినది

2000 సంవత్సరంలో హెచ్‌ఐవీ రోగి ఒకరికి మూడు మందుల చికిత్సకు ఏడాదికి 10 వేల నుండి 15 వేల డాలర్లు అయ్యేది. ఆఫ్రికాలో లక్షలమంది మందు లేక చనిపోతున్న రోజులవి. చవక మందులు తెచ్చుకోవడానికి దక్షిణాఫ్రికా 1997లో చట్టం చేస్తే, 1998లో 39 మందుల కంపెనీలు, సంఘాలు కలిసి ఆ ప్రభుత్వం మీద కోర్టుకు వెళ్ళాయి. లోకమంతా తప్పు పట్టడంతో 2001 ఏప్రిల్‌లో కేసు ఉపసంహరించుకున్నాయి.

అంతకు రెండు నెలల ముందు, 2001 ఫిబ్రవరిలో, మన దేశపు సిప్లా కంపెనీ అదే చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించింది. అంటే రోజుకు ఒక డాలరు కంటే తక్కువ. ఇది సాధ్యం కావడానికి కారణం 1970 నాటి మన పేటెంటు చట్టం. ఆ చట్టం మందుకు పేటెంటు ఇవ్వలేదు, తయారు చేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. 2005లో చట్టం మారే లోపల మన కంపెనీలు ఈ పనిలో ఆరితేరాయి. హైదరాబాదులో ఐడీపీఎల్ నేర్పిన విద్యతో ఎన్నో ఫ్యాక్టరీలు లేచాయి. అరబిందో, హెటెరో వంటి హైదరాబాదు కంపెనీలు ఆఫ్రికాకు హెచ్‌ఐవీ మందులు పంపే పెద్ద సంస్థలయ్యాయి.

నర్సులుగా మాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ మూడు మందుల పేటెంట్లు మూడు వేర్వేరు కంపెనీల చేతిలో ఉండేవి. కాబట్టి మూడింటినీ ఒకే మాత్రగా చేయడానికి దారి లేకపోయింది. జెనరిక్ కంపెనీలు ఆ పని చేసి చూపించాయి. గుప్పెడు మాత్రలు మింగవలసిన రోగికి ఉదయం ఒకటి, రాత్రి ఒకటి సరిపోయింది. ఇప్పుడు వాడుతున్న కొత్త మందుల కలయికలో రోజుకు ఒక్క మాత్రే. మాత్రలు తగ్గితే మానేసేవారు తగ్గుతారని మందులు పంచే ప్రతి నర్సుకూ తెలుసు.

కంపెనీల మధ్య పోటీ, అనేక దేశాలకు కలిపి ఒకేసారి కొనడం వల్ల ధర ఇంకా దిగింది. ఈ కొత్త కలయిక మాత్ర 2017లో ఏడాదికి 75 డాలర్లు, 2023లో 45 డాలర్ల లోపు. హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకు ఒకసారి వేసే లెనకాపవిర్ ఇంజక్షన్‌ను 2027 నుండి 120 దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించిన రెండు కంపెనీలూ, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, మన హైదరాబాదువే.

జెనరిక్ వేరు, నకిలీ వేరు

ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవారు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. కెన్యాలో 2008లో నకిలీ సరుకుల మీద చేసిన చట్టంలో జెనరిక్ మందులు కూడా నకిలీ కింద పడే ప్రమాదం ఏర్పడింది. హెచ్‌ఐవీతో జీవిస్తున్న ముగ్గురు కోర్టుకు వెళ్ళారు. ఆ అస్పష్టత తమ ప్రాణాలకు ముప్పు అన్న వారి వాదనను 2012 ఏప్రిల్‌లో హైకోర్టు ఒప్పుకుంది. జెనరిక్ అనేది చట్టబద్ధమైన మందు. నకిలీ అనేది మోసం. పేదవాడి మందును నకిలీ అని పిలిస్తే అది అతనికి దక్కదు.

ధర ఒక్కటే చాలదు

అయినా అంతా బాగుందని మేము చెప్పడం లేదు. పేద, మధ్య ఆదాయ దేశాలలో ప్రతి పది మందులలో ఒకటి నాసిరకమో నకిలీయో అయి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. 2022లో గాంబియా దేశంలో సుమారు 70 మంది పిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. ఆ మరణాలకు మన దేశంలో తయారైన దగ్గు సిరప్‌లతో సంబంధం ఉందని తేలింది. ఆ సిరప్‌లలో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు పరీక్షలలో కనబడింది. సిరప్‌లో వాడే ద్రవాన్ని పరీక్ష చేయకుండా కలిపితే ఇలాంటి ఘోరం జరుగుతుంది. ఆ చిన్న దేశానికి మందులు పరీక్షించుకునే ల్యాబొరేటరీ కూడా అప్పట్లో లేదు.

ఆ తరువాత 2023 జూన్ నుండి ఎగుమతి చేసే దగ్గు సిరప్‌లకు ముందుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష తప్పనిసరి చేశారు. మంచిదే. కాని ఆ నియమం ఎగుమతులకు మాత్రమే. 2025లో మధ్యప్రదేశ్‌లో 20 మందికి పైగా పిల్లలు అదే విషం కలిసిన సిరప్ తాగి చనిపోయారు. బయటి పిల్లలకు ఒక కాపలా, మన పిల్లలకు మరొక కాపలా ఉండకూడదని మా గట్టి అభిప్రాయం.

ఇవి జెనరిక్ అయినందువల్ల జరిగిన మరణాలు కావు, పరీక్ష చేయనందువల్ల జరిగిన మరణాలు. ఈ విషయంలో ఆఫ్రికా సంఘాలు మనకు మంచి మాదిరి చూపాయి. ఉగాండాలో కేథలిక్, ప్రొటెస్టెంటు వైద్య సంఘాలు కలిసి 1979లోనే ఉమ్మడి మందుల గోదాము పెట్టాయి. కెన్యాలో సంఘాలు 1986లో అటువంటి సంస్థనే స్థాపించి, మందులు పరీక్షించడానికి సొంత ల్యాబొరేటరీ నడుపుతున్నాయి. మిషన్ ఆసుపత్రులు ఒక్కొక్కటిగా కొంటే ధరా దొరకదు, నాణ్యత చూసే శక్తీ ఉండదు. కలిసి కొంటే రెండూ దొరుకుతాయి.

ప్రభుత్వాలు కూడా ఇదే దారిలో నడుస్తున్నాయి. ఒక మందును 50కి పైగా దేశాలలో విడివిడిగా నమోదు చేయించాలంటే, చిన్న దేశాల వైపు కంపెనీలు చూడవు. తూర్పు ఆఫ్రికా దేశాలు 2012లో నమోదు పద్ధతిని ఉమ్మడి చేసుకునే పని మొదలుపెట్టాయి. ఖండమంతటికీ ఒక మందుల సంస్థను ఏర్పరచే ఒప్పందం 2021 నవంబరులో అమలులోకి వచ్చింది. దాని కేంద్రం రువాండాలోని కిగాలీ.

మన వంతు

ప్రభుత్వాన్ని మేము కోరేది ఒక్కటే: ఎగుమతికైనా, మన ఊరి మందుల షాపుకైనా తనిఖీ ఒకేలా ఉండాలి.

మన సంఘాల యువతీయువకులు జీడిమెట్ల, పాశమైలారం ప్రాంతాల మందుల ఫ్యాక్టరీలలో పనిచేస్తున్నారు. వారికి మా మనవి: చేయని పరీక్షకు చేసినట్టు సంతకం పెట్టవద్దు. తూకం, కొలత న్యాయంగా ఉండాలని లేఖనాలు నేర్పిన మనకు ఇది ఉద్యోగ ధర్మం మాత్రమే కాదు. మీ సంతకాన్ని నమ్మి ఎక్కడో ఒక తల్లి తన బిడ్డకు చెంచాతో మందు పోస్తుంది.

రోగులకు, కుటుంబాలకు మేము చెప్పేవి ఇవి:

1. చీటీ మీద మందు అసలు పేరు (బ్రాండు పేరు కాదు) రాయించుకోండి. రెండు పేర్లతో ఉన్న రెండు స్ట్రిప్పులలో ఒకే మందు ఉండవచ్చు. రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది.
2. మాత్ర రంగు మారితే మానేయకండి. స్ట్రిప్పు తెచ్చి మాకు చూపించండి.
3. ఫిట్స్, థైరాయిడ్, రక్తం పలచబరిచే మందుల విషయంలో డాక్టరుగారిని అడగకుండా కంపెనీ మార్చకండి.
4. లైసెన్సు ఉన్న షాపులోనే కొనండి, బిల్లు తీసుకోండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసుకోండి.
5. చిన్నపిల్లలకు మీ అంతట మీరు దగ్గు సిరప్ కొని పోయకండి.

ఖరీదైన మందు మూడు నెలలు వాడి ఆపేసిన వారికంటే, పరీక్షకు నిలిచిన చవక మందును ప్రతిరోజూ వాడేవారికే ఆరోగ్యం నిలబడుతుంది. ఆ చవక మందు నమ్మదగినదిగా ఉండేటట్టు చూడవలసిన బాధ్యత తయారు చేసేవారిది, తనిఖీ చేసేవారిది, కొని ఇచ్చే మాది. అనుమానం వస్తే మందు ఆపకముందే మా దగ్గరకు రండి. దేవుడు మీ అందరికీ మంచి ఆరోగ్యం అనుగ్రహించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున