గొలుసుల గ్రంథాలయం

ఇంగ్లండు పశ్చిమ భాగాన, వేల్స్ సరిహద్దుకు చేరువలో హెర్‌ఫర్డ్ అనే చిన్న నగరం ఉంది. అక్కడి కేథడ్రల్, అనగా బిషప్ పీఠమున్న ప్రధాన క్రైస్తవాలయం, ఒక అపూర్వ గ్రంథాలయాన్ని శతాబ్దాలుగా కాపాడుకొంటూ వస్తోంది. అందులో గొలుసులు తగిలించిన గ్రంథాలు సుమారు 1500. వాటిలో మధ్యయుగపు వ్రాతప్రతులే 229. అన్నిటికంటె ప్రాచీనమైనది 8వ శతాబ్దపు సువార్తల ప్రతి.

గొలుసు అనగానే మనకు చెరసాల స్ఫురిస్తుంది. ఇక్కడ దాని అర్థం అందుకు విరుద్ధం. ఒక్క గ్రంథం సిద్ధం కావాలంటే ఎన్నో పశువుల తోళ్లు, నెలల తరబడి లేఖకుని శ్రమ ఖర్చయ్యే కాలమది. పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయడం కన్న సులభమైన రక్షణ మరొకటి లేదు. గొలుసు వేసినవారు ఆ సులభమార్గాన్ని కాదన్నారు. వచ్చినవాడు చదువుకోవాలి, కాని ఎత్తుకుపోరాదు, వారి సంకల్పమిది. గొలుసు ఒక కొన అట్ట ముందు అంచుకు, మరొక కొన బీరువాకున్న ఇనుపకడ్డీకి ఉంటుంది. గొలుసు చిక్కుపడకుండా పుస్తకాన్ని కింది బల్లమీదికి దించడానికి వీలుగా, పుస్తకాల వీపులను లోపలికి తిప్పి అమర్చారు. 1611 నాటి ఆ బీరువాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

గ్రంథాలతో పాటు దస్తావేజుల భాండాగారం కూడా అక్కడ ఉంది. దానపత్రాలు, భూముల కౌళ్లు, జమాఖర్చుల చుట్టలు అందులోనివి. సాహిత్య పరిశోధకునికి ఈ పద్దులతో పనేమిటని కొందరంటారు. నేనంగీకరించను. కావ్యాన్ని పోషించిన సమాజం ఏమి తిన్నదో, ఎవరికి ఎంత కూలి ఇచ్చిందో కావ్యం చెప్పదు, పద్దు చెబుతుంది. తాళ్లపాక కవుల సంకీర్తనల రాగిరేకులు తిరుమల ఆలయపు భాండారంలోనే కదా మనకు దక్కినవి! కొలువైన చోట కాగితమో రేకో దాచుకొనే అలవాటు దేవాలయాలన్నింటికీ ఉన్నట్లుంది.

ఛాయాచిత్రాలు తీసి కంప్యూటరులో పెడితే చాలదా అన్నది నేటి ప్రశ్న. అది గొప్ప మేలే. సముద్రాలు దాటి వెళ్లలేని మన విద్యార్థికి అదే శరణ్యం. అయినా మూలప్రతి చెప్పేది వేరు. ఎక్సెటర్ కేథడ్రల్‌లో 10వ శతాబ్దపు ప్రాచీనాంగ్ల కవితా సంపుటి ఒకటి ఉంది. 1072లో మరణించిన బిషప్ లియోఫ్రిక్ దానిని ఆ ఆలయానికి సమర్పించాడు. దాని పత్రాలపై కత్తిగాట్లు, పాత్ర మోపిన గుండ్రని మరక ఉన్నాయి. చివరి పత్రాలను నిప్పు తొలిచింది. ఆ గాటు ఎన్ని పొరలు దిగిందో, చెరిపిన అక్షరం చర్మంపై ఎంత గరుకు మిగిల్చిందో ప్రతిని ఎదుట పెట్టుకొన్నవాడికే నిశ్చయంగా తెలుస్తుంది.

ఈ సంపద శాశ్వతమని భ్రమించరాదు. హెర్‌ఫర్డ్‌లో 1300 ప్రాంతాన ఒకే దూడచర్మంపై చిత్రించిన ప్రపంచపటముంది. తూర్పుదిక్కు పైన, జెరూసలేం నడుమ ఉండే పటమది. 1988లో ఆర్థికమైన ఇక్కట్లకు తాళలేక కేథడ్రల్ పాలకులు దానిని అమ్మజూపారు. దేశమంతటా ఆందోళన చెలరేగింది. జాతీయ వారసత్వ నిధి, పాల్ గెట్టీ, ఇంకా పలువురు దాతలు ఆదుకోగా పటం ఊరు దాటలేదు. 1996లో దానికీ గొలుసుల పుస్తకాలకూ కొత్త భవనం ఏర్పడింది.

ఆ పాలకులను లోభులనడం అన్యాయం. కూలుతున్న రాతిగోడకు మరమ్మతు చేయాలా, చర్మపత్రాన్ని కాపాడాలా అన్న సంకటం వారిది. అయినా ఆ నిర్ణయం తప్పే. పటం మరో ప్రదర్శనశాలకు చేరినా పండితులకు కనబడేదే; కాని ఇరుగుపొరుగు ప్రతులకు దూరమయ్యేది. భాండాగారంలో ఒక పత్రానికి పక్కనున్న పత్రమే తొలి వ్యాఖ్యానం.

ఇప్పుడు మరొక భయముంది. సందర్శకుల టిక్కెట్టుతో బతికే గ్రంథాలయం క్రమంగా గాజుపెట్టెల వరుసగా మారిపోవచ్చు. పటం చూసేవారు వేలమంది, వ్రాతప్రతి అడిగేవాడు ఒకడు. ఆ ఒక్కడి కోసం చదువుగది తెరిచి ఉంచాలి, జీతమిచ్చి గ్రంథపాలకుని నియమించాలి. ఆ ఒక్కడు కూడా ముందుగా సూచిక చూసుకొని, లేఖ వ్రాసి, అనుమతి పొంది, చేతులు శుభ్రంగా కడుగుకొని రావాలి. సిరాకలం బయట వదలి, పెన్సిలు మాత్రమే వెంట తెచ్చుకోవాలి.